టైమ్స్ స్క్వేర్‌లో కార్లు ఆపి కుర్చీలు వేసిన రోజు

మన తెలుగు సినిమా పోస్టర్ న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ బిల్‌బోర్డు మీద పడితే చాలు, అక్కడున్న మనవాళ్లు కింద నిలబడి రీల్స్ తీసి పెడతారు. ఈసారి అలాంటి రీల్ వస్తే బిల్‌బోర్డు కాదు, వాళ్ల కాళ్ల కింద నేల చూడండి. 2009 మే వరకు అక్కడ చాలా భాగం కార్లు తిరిగే రోడ్డు. అది జనం నిలబడే చోటు ఎలా అయింది? ఈరోజు ఆ కథే.

ముందు మ్యాప్. మాన్‌హాటన్‌లో ఎక్కువ భాగం 1811 నాటి ప్లాన్ ప్రకారం గళ్ల నోటుబుక్కులా ఉంటుంది. బ్రాడ్‌వే మాత్రం ఆ గళ్లను ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. ఎందుకంటే అది ప్లాన్ కంటే పాతది, యూరప్ వాళ్లు రాకముందు అక్కడి మూలవాసులు నడిచిన బాట. ఆ ఏటవాలు రోడ్డు సెవెంత్ అవెన్యూని దాటే చోటే టైమ్స్ స్క్వేర్. పాత పేరు లాంగేకర్ స్క్వేర్. న్యూయార్క్ టైమ్స్ పత్రిక అక్కడ బిల్డింగ్ కట్టుకోవడంతో 1904లో పేరు మారింది. పేరులో స్క్వేర్ ఉందే గానీ, వందేళ్లకు పైగా అది ట్రాఫిక్ జంక్షనే.

అసలు సమస్య సిగ్నల్ దగ్గర ఉంది. రెండు రోడ్లు కలిస్తే గ్రీన్ టైమ్‌ని ఇద్దరు పంచుకుంటారు. మూడోది ఏటవాలుగా దూరితే ముగ్గురు పంచుకోవాలి. అందరికీ వెయిటింగే. నడిచేవాళ్లకి ఫుట్‌పాత్ చాలక కార్ల మధ్యకి దిగేవాళ్లు.

అప్పటి మేయర్ మైకేల్ బ్లూమ్‌బెర్గ్, రవాణా శాఖ కమిషనర్ జానెట్ సాదిక్-ఖాన్ ఒక నిర్ణయం తీసుకున్నారు. 42 నుంచి 47వ వీధి దాకా బ్రాడ్‌వేని కార్లకి మూసేద్దాం, కానీ ట్రయల్‌గా. మన సాఫ్ట్‌వేర్ భాషలో బీటా రిలీజ్. తవ్వకాలు లేవు, కాంక్రీట్ లేదు. మే చివర్లో ఒక ఆదివారం అడ్డంగా డ్రమ్ములు పెట్టారు. మంచి కుర్చీలు ఇంకా రాలేదు. దాంతో అక్కడి వ్యాపార సంఘం వాళ్లు హార్డ్‌వేర్ షాపు నుంచి చవక బీచ్ కుర్చీలు కొని తెచ్చి రోడ్డు మీద వేశారు. జనం వచ్చి కూర్చున్నారు. అంతే!

తర్వాత లెక్కలు తీశారు. ఇది నాకు బాగా నచ్చిన భాగం. టాక్సీల జీపీఎస్ డేటా చూస్తే ఆ పశ్చిమ మిడ్‌టౌన్‌లో ఉత్తరం వైపు ప్రయాణాలు 17 శాతం వేగమయ్యాయి. అయితే రోడ్డు మూయని తూర్పు మిడ్‌టౌన్‌లో కూడా 8 శాతం పెరిగింది. అంటే 17 మొత్తం ఈ ప్రాజెక్టు గొప్ప అనలేం. దక్షిణం వైపు వెళ్లేవి 2 శాతం నెమ్మదించాయి కూడా. కానీ నడిచేవాళ్లకి గాయాలు 35 శాతం, కార్లలో ఉన్నవాళ్లకి 63 శాతం తగ్గాయి. 2010 ఫిబ్రవరిలో బ్లూమ్‌బెర్గ్ దాన్ని పర్మనెంట్ చేశారు. తర్వాత స్నోహెట్టా అనే సంస్థ డిజైన్‌తో నేలంతా కొత్తగా కట్టారు.

హ్యాపీ ఎండింగ్ అనుకోకండి. దుకాణాల అద్దెలు పెరిగాయి. కార్టూన్ వేషాలేసుకుని ఫొటోలకి డబ్బులడిగేవాళ్లు వచ్చారు, గొడవలు మొదలయ్యాయి. 2015లో పోలీస్ కమిషనర్ బ్రాటన్ ఏకంగా ఈ ప్లాజా తీసేసి మళ్లీ రోడ్డు చేద్దామన్నారు. చివరికి అదేం జరగలేదు. 2016లో నేల మీద రంగుతో గడులు గీసి, వేషగాళ్లు డబ్బులకి పని చేసుకునేది ఈ గడుల్లోనే అన్నారు. మనుషుల్ని తరమకుండా వాళ్లకో చోటు చూపించారు.

ఇది చదువుతున్నప్పుడు నాకు చార్మినారే గుర్తొచ్చింది. 1591లో కట్టిన ఆ కట్టడం చుట్టూ వాహనాలు ఆపి గ్రానైట్ పరిచారు. మంచి పని. ఆమధ్య అమ్మని తీసుకెళ్లా. లాడ్ బజార్‌లో గాజులు కొని బయటికొచ్చేసరికి ఆవిడకి మోకాళ్ల నొప్పి. కూర్చోడానికి ఎక్కడా చోటు కనపడలేదు. బండి మీద ముత్యాల దండలు అమ్ముకునే పెద్దాయన తన స్టూల్ లాగి ఇచ్చి, "కూర్చో అమ్మా" అన్నాడు. పావుగంట ఆయన నిలబడే బేరం చేసుకున్నాడు.

చౌరస్తాని అందంగా చేయాలనగానే చాలామంది ముందు ఆ బండి తీసేయమంటారు. ఆ రోజు మా అమ్మ కూర్చున్న ఒకే ఒక్క కుర్చీ మాత్రం ఆ బండి దగ్గరదే. మీ ఊళ్లో మెయిన్ రోడ్డు మూసి జనానికిస్తే, ముందు ఎవరికి చోటు గీస్తారు? ఆలోచించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.