శంకర్ ఆర్కెస్ట్రా కింద పాతబస్తీ లయ

హిందీ సినిమా ఆర్కెస్ట్రా చరిత్ర ఎవరు రాసినా గోవా నుంచే మొదలుపెడతారు. చర్చి బడుల్లో స్వరలిపి చదవడం నేర్చుకున్న గోవా వాద్యకారులు బొంబాయి స్టూడియోలకు చేరారు, వయొలిన్ల వరసలూ ట్రంపెట్లూ వాళ్ళతోనే వచ్చాయి అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఆర్కెస్ట్రాను ఇంటింటికీ చేర్చిన శంకర్-జైకిషన్ జంటలో పెద్దవాడు శంకర్ సింగ్ రఘువంశీ హైదరాబాద్‌లో పెరిగిన తబలా వాద్యకారుడు. ఈ సంగతి అన్ని వ్యాసాల్లోనూ ఒక వాక్యంగా వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ఆ సంగీతం పునాది అర్థం కావాలంటే ఆ వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. శంకర్ ఆర్కెస్ట్రా లయ మీద లేచిన కట్టడం. ఆ లయ వెనక హైదరాబాద్ ఉందని నా వాదన.

పాతబస్తీ చెవికి ఏం వినిపించేదో చూడండి. చార్మినార్ దగ్గరి నాలుగు కమాన్లలో (చార్‌కమాన్) ఒకటైన కాలీ కమాన్ ఒకప్పుడు రాజుగారి నఖారాఖానా, అంటే నగారాలు మోగే చోటు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఢోలక్ ముందేసుకుని దక్కనీలో వియ్యపువారిని ఆటపట్టిస్తూ పాడే పాటలు ఒక పక్క. నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా, అరబ్ సైనికుల వారసులు బరాత్‌లలో వాయించే మర్ఫా ఇంకో పక్క. చార్మినార్‌కు కూతవేటు దూరంలోని హుస్సేనీ ఆలంలో మొహర్రం రోజుల సంగతి వేరు. ఆలం నిలిపిన ఆషూర్‌ఖానాలో వాద్యం మోగదు. మర్సియా, నౌహా శోకగీతాలు చదివే గొంతులు, మాతం చేసేవారు గుండెల మీద కొట్టుకునే అరచేతుల చప్పుడు, అంతే. వాద్యమే లేని చోట కూడా వందల గొంతుల్ని ఒక్క తాళం నడిపిస్తుంది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగగా జరుపుకునే ఇదే మొహర్రానికి డప్పు కొడతారు. శోకానికైనా సంబరానికైనా దెబ్బ ముందు, రాగం తర్వాత అన్నది ఈ నేల మీద విడిగా నేర్పే పాఠం కాదు, పుట్టి పెరిగితే ఒంటబట్టేది.

1922లో పుట్టిన శంకర్ బాబా నాసిర్ ఖాన్ దగ్గర తబలా నేర్చుకున్నాడు. సత్యనారాయణ, హేమావతిల నృత్య బృందంలో వాయించాడు. ఆ తర్వాతే పృథ్వీ థియేటర్స్ నాటక సంస్థలో తబలా కళాకారుడిగా చేరాడు. గుజరాత్ నుంచి వచ్చిన జైకిషన్ హార్మోనియంతో అక్కడికి చేరింది శంకర్ చొరవతోనే. 1949లో ‘బర్సాత్’తో ఇద్దరూ సంగీత దర్శకులయ్యారు. నాట్యానికి వాయించే తబలా వాద్యకారుడి కన్ను అడుగు మీదే ఉంటుంది. అడుగు ఎక్కడ పడుతుందో ముందే తెలిసినవాడే ఆ పని చేయగలడు. ఆ జంట పాటల్లో పల్లవికి ముందొచ్చే వాద్యఖండం విన్నా అడుగుల లెక్క తెలిసిపోతుంది.

నా వాదనకు గట్టి సాక్ష్యం 1951 నాటి ‘ఆవారా’ కలల ఘట్టంలో వచ్చే ‘ఘర్ ఆయా మేరా పర్‌దేశీ’. దాని బాణీకి మూలం ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్ పాట. అరువు తెచ్చిన బాణీని సాక్ష్యంగా చూపడమేమిటని అడగవచ్చు. అరువు బాణీ కాబట్టే సాక్ష్యానికి పనికొస్తుంది. బాణీ పరాయిదైనప్పుడు సంగీత దర్శకుడు తనదిగా ఏం కలిపాడో తేటగా కనిపిస్తుంది. ఇక్కడ కలిపింది లాలా గంగావణే ఢోలక్. మాండొలిన్ బాణీ ఎత్తుకోగానే ఢోలక్ దాన్ని పట్టుకుంటుంది, ఆ తర్వాత చెవి వెళ్ళేది ఢోలక్ వెంటే. ఎంత పెద్ద వయొలిన్ల బృందమైనా ఆ దెబ్బకు లోబడే నడుస్తుంది. ఈ జంట 1968లో తెచ్చిన ‘రాగా జాజ్ స్టైల్’ రికార్డులో గాయకులే లేరు. రయీస్ ఖాన్ సితార్, మనోహారి సింగ్ సాక్సోఫోన్, లెస్లీ గోడిన్హో డ్రమ్స్, వాటి పక్కనే రమాకాంత్ తబలా. రాగాన్నీ జాజ్‌నూ ఒకచోట కూర్చోబెట్టినా పాశ్చాత్య డ్రమ్స్ కోసం తబలాను పక్కకు నెట్టలేదు.

అయితే వాద్యాల కూర్పు రాసింది సెబాస్టియన్ డిసౌజా కదా, లయ చూసుకున్నది దత్తారాం కదా అంటే, అవును. సెబాస్టియన్ లేకపోతే ఆ వయొలిన్లకు ఆ నిండుదనం రాదు. అతని పేరు చాలాకాలం మరుగున ఉండిపోవడం అన్యాయమే. కానీ ఎవరి చేతికి ఏ పని ఇవ్వాలో నిర్ణయించడం కూడా సంగీతమే. లయ కోసం విడిగా ఒక సహాయకుణ్ణి పెట్టుకున్నారంటేనే ఆ పనిని వాళ్ళు ఎంత పెద్దగా ఎంచారో తెలుస్తుంది. ఢోలక్ దేశమంతా ఉంది, హైదరాబాద్ సొత్తా అన్నది ఇంతకంటే బలమైన ప్రశ్న. సొత్తు కాదు. పంజాబ్ నుంచి వచ్చిన సంగీత దర్శకులూ ఢోలక్‌ను గొప్పగా వాడారు. అందుకే ఢోలక్ ఒక్కదాన్నే పట్టుకుని నేను మాట్లాడటం లేదు. 1955 నాటి ‘శ్రీ 420’లో ఒక పాట పల్లవి ‘రామయ్యా వస్తావయ్యా’ అన్న తెలుగు పిలుపుతోనే మొదలవుతుంది. దాని పుట్టుక గురించి రకరకాల కథలు ప్రచారంలో ఉన్నాయి, వాటితో నాకు పని లేదు. పాట కట్టిన తీరు చాలు. ఒకరు అందుకుంటే గుంపు తిరిగి పలికే పద్ధతి అది, మన కూలిపాటల పద్ధతి. బొంబాయి ఫుట్‌పాత్ మనుషుల నోట హిందీ సినిమా ఆ పిలుపును తెలుగులోనే ఉంచింది. తెలుగు చెవినపడుతూ పెరిగినవాడు ఆ జంటలో ఉండటం కాకతాళీయమంటే నేను ఒప్పుకోలేను.

ఏ పాట ఎవరు కట్టారన్న పంచాయితీ అభిమానుల్లో ఇప్పటికీ తెగలేదు. నేపథ్య సంగీతంలో జైకిషన్ చెయ్యి గొప్పదని అందరూ ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. శంకర్‌కు పునాది ఇచ్చినంత మాత్రాన జైకిషన్ కట్టిన అంతస్తు చిన్నబోదు. 1971లో ఈ జంట ఎన్‌టీఆర్ ‘జీవితచక్రం’తో తెలుగు తెరకూ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 12న జైకిషన్ చనిపోయాడు. 1987 ఏప్రిల్ 26న తాను పోయేదాకా శంకర్ ఒంటరిగానే పనిచేసినా, తెర మీద మాత్రం రెండు పేర్లూ కలిపే వేయించుకున్నాడు.