వలంద, పరాసు

బందరులో ఆటో ఎక్కి వలందపాలెం, పరాసుపేట అంటే చాలు, దింపేస్తారు. వలంద అంటే హాలండే. మన నోట్లో వలందైంది. ఫ్రాన్సు పరాసైంది. పోర్చుగీసువాళ్లయితే ఏకంగా బుడతకీచులు!

1605లో వలందులు, 1611లో ఇంగ్లీషువాళ్లు, తర్వాత పరాసులు ఇక్కడ కొట్లు పెట్టారు. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక బెజవాడ నుంచి కాలువ మీద పడవల్లో బందరు వచ్చేవారు. ఇప్పుడా పడవల్లేవు. బందరులో మాత్రం ఇప్పటికీ వలందుల సమాధిరాళ్ల మీద వంశచిహ్నాలు, డచ్చి అక్షరాలు చేత్తో తడిమి చూడొచ్చు.

అన్నట్టు, ‘బందరు’ కూడా బయటి మాటే, పారసీలో రేవని అర్థం. ‘బందరు రేవు’ అంటే రేవు రేవన్నమాట.