ఎవరి వేళ వారిది

మంట దగ్గరికి జరిగి కూచో బాబూ. ఆ ఫోను పక్కన పెట్టు, అదెక్కడికీ పారిపోదు.

మా తాతల నాడు కళింగపట్నంలో గడియారమున్న ఇల్లు అరుదు. "పొద్దు బారెడెక్కాక రా" అంటే నిమిషాలడిగే అలవాటు లేదు. రైలొచ్చాక వచ్చింది చిక్కు. రైళ్లు మద్రాసు టైము మీద నడిచేవి. మనం దానికి తూర్పున ఉన్నాం కదా, మన నెత్తి మీదికి పొద్దు పావుగంట ముందే వచ్చేస్తుంది. ఎండను నమ్ముకుని ఆమదాలవలస స్టేషనుకెళ్లినవాడు ఆ పావుగంటా కాచుకోవలసిందే. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే టైమన్నారు. కలకత్తా మాత్రం 1948 దాకా తన టైము వదల్లేదు! అలవాటంటే అంతే మరి.  

గడియారాల తగువు నలుగురూ ఒప్పుకుంటే తీరిపోయింది. ఆ ఒకే టైము రావడానికి కొన్ని నెలల ముందే, 1905లో, ఐన్‌స్టీన్ అనే 26 ఏళ్ల కుర్రాడు ఎవరు ఒప్పుకున్నా తీరని సంగతి చెప్పాడు. దానికి అతనే తర్వాత రైలూ పిడుగుల ఉదాహరణ ఇచ్చాడు. ఆ రైలును మన ఆమదాలవలసకే తెచ్చుకుందాం.

హౌరా వైపు బండి పోతోంది. ఇంజను ముక్కు మీద ఒక పిడుగు, చివరి పెట్టె తోక మీద ఒక పిడుగు. ఆ రెండు చోట్లకీ సరిగ్గా నడుమ ప్లాట్‌ఫాం మీద నువ్వున్నావు. రెండు మెరుపులూ నిన్ను ఒక్కసారే చేరాయి. "రెండూ ఒకేసారి పడ్డాయి" అంటావు. నిజమే. బండి నడిమి సీటులో మీ మావయ్య ఉన్నాడనుకో. ఆయన ముందు మెరుపుకి ఎదురెళుతున్నాడు, కాబట్టి అది ముందు తగిలింది. వెనకది తర్వాత.

ఆయన కళ్లకి ఆలస్యంగా ఆనిందంటావా? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కళ్లనంటే ఏం లాభం? పిడుగులకి బండి మీద కాలిన మచ్చలు రెండూ ఆయనకి సమదూరంలోనే ఉన్నాయి. వెలుగు ఎవరు కొలిచినా సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లే. దారి సమానం, వేగం సమానం. ఒకటి ముందొచ్చిందంటే అది ముందు పడిందనే లెక్క. ఆయన మాటా నిజమే! ఇద్దరిలో ఎవరిదీ పొరపాటు కాదు. "ఒకేసారి" అన్నది లోకానికంతా ఒకటి కాదు బాబూ, ఎవరి నడకను బట్టి వారిది.

విత్తు ముందా చెట్టు ముందా అని మాత్రం దీంట్లో దూర్చకు. విత్తు నాటాకే మొలక. కారణం ముందు, ఫలితం తర్వాత. ఆ వరస ఎంత జోరు బండెక్కినా తిరగబడదు. ఒకదాని కబురు వెలుగు సైతం మోసుకెళ్లేలోపే రెండోది జరిగిపోయిందా, అలాంటి జంటల్లోనే ముందు వెనకలు మారేది.

మరి మనకెందుకు తెలీదంటావా? మన రైలు జోరుకి ఆ తేడా, సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్కకి కూడా చాలదు.

దీని మీద ఐన్‌స్టీన్ రాసిన వ్యాసాల్ని సత్యేంద్రనాథ్ బోసు, మేఘనాథ్ సాహా ఇంగ్లీషులోకి తెస్తే 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చేసింది. అప్పటికి ఇద్దరికీ ముప్పై నిండలేదు, నీ ఈడువాళ్లే. రేపు కాగితం మీద ఆ బండి గీసి, రెండు మెరుపులూ నడిపించి తీసుకురా, చూస్తాను.