తెగిన పోగు

2022 ఏప్రిల్‌లో మా ముదినేపల్లి కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఆ విధంగా ఏలూరు తివాచీ కూడా మా జిల్లా సొత్తయింది! పర్షియా నుండి వలస వచ్చిన నేతగాళ్ళు ఇక్కడ నాటిన విద్య అదని చెబుతారు. 1851లో లండను మహాప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్ళాయి.

ఆ నేతలో ఒక విశేషముంది. పడుగు పోగులకు ఊలుదారం ముడివేసి, ముడి ముడికీ కత్తితో తెంపుతారు. తెగిన కొన వద్ద పురి విడిపోయి, దారం మళ్ళీ ఉన్ని అవుతుంది. మన పాదానికి తగిలే మెత్తదనమంతా అదే.

ఈ వెనుకనడకనే ఇంగ్లండు పరిశ్రమగా మార్చింది. 1813లో యార్క్‌షైరులోని బాట్లీలో బెంజమిన్ లా పాత ఉన్నిగుడ్డలను చీల్చి పీచు చేసి, కొత్త ఉన్నితో కలిపి వడికించాడు. ఆ సరుకు పేరు ‘షాడీ’. తరువాత ఆ మాటకు నాసిరకమనే అర్థం స్థిరపడింది. నా మట్టుకు నాకది అన్యాయంగానే తోస్తుంది. మన దేశంలో ఈ పనికి పానిపట్టు ప్రసిద్ధి.

ఇంట్లో మిగిలిన ఊలుకు యంత్రమక్కరలేదు. దారాన్ని రెండేసి అంగుళాల ముక్కలు చేసి, పురి విప్పి, తీగపళ్ళున్న రెండు బ్రష్షుల నడుమ దూదిలా ఏకాలి. ఆ ఉన్నిని గాట్లున్న సూదితో పొడిచినకొద్దీ పీచులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని గట్టిపడతాయి, బొమ్మ తయారవుతుంది. ఆక్రిలిక్ దారం నీటిలో ఉన్నిలా బిగుసుకోదు గాని, సూదికి మాత్రం లొంగుతుంది.

నేత ముగిశాక తివాచీ పైభాగాన్ని కత్తెరతో సమం చేస్తారు. అప్పుడు రాలే రంగురంగుల పీచు వడకడానికి మరీ పొట్టి. సూదిబొమ్మ కడుపులో కూరడానికి మాత్రం చక్కగా సరిపోతుంది.