బెజవాడ దారిలో చైనా యాత్రికుడు

ఆదివారం తెల్లవారుజామున బందరు రోడ్డు మీద కంకిపాడు సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, ఈ కాలపు యాత్రికులు కనిపిస్తారు. బెజవాడ వైపు నుంచి వరసగా బుల్లెట్లు వస్తాయి. తలలకు హెల్మెట్లు, వీపులకు సంచులు, మోకాళ్ళకు కవచాలు. పోయేది మంగినపూడి సముద్రం దాకానే అయినా సరంజామా మాత్రం దండయాత్రకు వెళ్తున్నట్టు ఉంటుంది. టీ తాగుతూ వాళ్ళు చెప్పుకునే కబుర్లు మంగినపూడి గురించి కాదు. లడఖ్ గురించి, భూటాన్ గురించి, ఇంకా ఉత్సాహం ఎక్కువైతే చైనా గురించి.

ఎగతాళికి చెప్పడం లేదు. 2018లో జై భారతి అనే ఆవిడ, మరో ముగ్గురు మహిళలు కలిసి హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ళ మీద బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చూసి వచ్చారు. సుమారు 17 వేల కిలోమీటర్లు. లావోస్, వియత్నాం అంటే చైనా గుమ్మం ముందు నిలబడ్డట్టే. గుమ్మం దాటి లోపలికి పోవడం మాత్రం అంత సులువు కాదు. మన లైసెన్సు గానీ, అంతర్జాతీయ పర్మిట్ గానీ అక్కడ చెల్లవు. తాత్కాలిక లైసెన్సు, తాత్కాలిక నెంబరు ప్లేటు పుచ్చుకోవాలి. ముందుగా దారి రాసిచ్చి అనుమతి తెచ్చుకోవాలి. వెంట గైడు ఉండాలి. ఆ ఖర్చు ఒక్కడు భరించలేడు గనక పది మంది జట్టుకట్టి పంచుకుంటారు. పూర్వం బిడారులు కట్టిందీ ఇలాంటి లెక్కల మీదే. ఒంటరిగా పోతే ఒంటెల బాడుగా ఎక్కువే, దొంగల భయమూ ఎక్కువే.

అలా వెళ్ళే జట్లకు చాలా ఇష్టమైన దారి ఒకటుంది. షియాన్ నగరంలో మొదలుపెట్టి లాంజౌ, జాంగ్యే, జియాయుగువాన్ కోట మీదుగా దున్‌హువాంగ్ దాకా, అక్కడి నుంచి ఎడారిలో హమి, తుర్ఫాన్ దాకా. దున్‌హువాంగ్ చేరేసరికే 1,700 కిలోమీటర్ల పైన అవుతుంది. పెద్ద హైవేల మీదికి మోటారు సైకిళ్ళను చాలాచోట్ల రానివ్వరు కాబట్టి పల్లెటూళ్ళ మధ్య నుంచి పాత రోడ్ల మీద పోవాలి. ఒక రకంగా అదే మంచిది. గోధుమ చేలు, మట్టి గోడలు, కూలిన కావలి బురుజులు దగ్గరగా కనిపిస్తాయి. ఆ దారిలో పోయేవాళ్ళందరూ ఒకాయన పేరు తలుచుకుంటారు. మనం బడిలో హ్యూయన్‌త్సాంగ్ అని బట్టీ పట్టిన పెద్దమనిషే ఆయన. షియాన్‌లో ఆయన పట్టుబట్టి కట్టించిన ఇటుకల గోపురం ఉంది. 652లో మొదలైన ఆ కట్టడాన్ని తర్వాత బాగుచేసి మళ్ళీ కట్టారు. దాని ముందు ఆయన విగ్రహం నిలబెట్టారు. బండ్లు ఆపి ఫోటోలు తీయించుకుని బయల్దేరడం ఆనవాయితీ.

ఇంతకీ ఆ పెద్దమనిషికీ మన బందరు రోడ్డుకీ సంబంధం ఏమిటంటారా? ఉంది. ఆయన 639-640 ప్రాంతంలో కృష్ణ ఒడ్డుకు వచ్చి కొన్ని నెలలు ఉండిపోయాడు. అంతే కాదు, తిరిగి బయల్దేరినప్పుడు ఇక్కడి వాళ్ళు ఇద్దరు ఆయన వెంట నడిచారు. వాళ్ళ సంగతి చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

ముందు ఆయన ప్రయాణం ఎలా మొదలైందో చూద్దాం. 629లో (627 అనేవాళ్ళూ ఉన్నారు) చాంగాన్, అంటే నేటి షియాన్, విడిచాడు. అప్పట్లో చక్రవర్తి అనుమతి లేకుండా ఎవరూ పశ్చిమ సరిహద్దు దాటరాదు. ఈయన అర్జీ పెట్టుకున్నాడు, ఇవ్వలేదు. ఇక పగలు దాక్కుంటూ రాత్రి నడుస్తూ పోయాడు. ఈనాటి బుల్లెట్ కుర్రాళ్ళు పర్మిట్ల కోసం విసుక్కున్నప్పుడల్లా ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు. సరిహద్దు దగ్గర ఒక ముసలాయన తన బక్కచిక్కిన ఎర్ర గుర్రాన్ని ఇచ్చి ఈయన మంచి గుర్రాన్ని పుచ్చుకున్నాడు. చూడటానికి నష్టపు బేరం. కానీ ఆ గుర్రం ఎడారి దాటి హమికి పదిహేనుసార్లు పోయి వచ్చింది. దారి చూపిస్తానన్న మనిషి అర్ధరాత్రి కత్తి దూసి దగ్గరకు వచ్చి, మనసు మార్చుకుని వెనక్కి పోయి, ఆ తర్వాత నన్నొదిలెయ్యమని చక్కా పోయాడు. కావలి బురుజు దగ్గర బాణాలు వేశారు. అది గండం గడిచింది గదా అనుకుంటే నడి ఎడారిలో నీళ్ళ తిత్తి చేజారి ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు నీటిబొట్టు లేదు. ఐదో రాత్రి గుర్రం కళ్ళెం లాగినా వినకుండా తన దారిన తాను పోయి ఒక పచ్చిక, దాని పక్కన ఒక మడుగు చూపించింది. యంత్రానికి ఎంత బలం ఉన్నా ఈ పని మాత్రం చేతకాదు.

ఇక్కడి దాకా ఆయన ఒంటరి. తుర్ఫాన్ దగ్గరి గావ్‌చాంగ్ రాజు ఈయన్ని చూసి ముచ్చటపడి, నా దగ్గరే ఉండిపొమ్మని పట్టుపట్టాడు. పోనివ్వకపోతే ఈయన నిరాహార దీక్ష పట్టాడు. ఆ ఆయుధం మనవాళ్ళకు బాగా తెలిసిందే. రాజు దిగివచ్చాడు. తిరుగు ప్రయాణంలో మూడేళ్ళు ఇక్కడ ఉండాలని మాట తీసుకుని, 30 గుర్రాలు, 25 మంది మనుషులు, నలుగురు చిన్న భిక్షువులు, బంగారం, వెండి, పట్టు, దారిలో రాజులకు ఇవ్వడానికి 24 ఉత్తరాలు ఇచ్చి సాగనంపాడు. అలా ఒంటరి బాటసారి బిడారు నాయకుడయ్యాడు. కానీ తియన్‌షాన్ మంచు కొండలు దాటడానికి ఏడు రోజులు పట్టింది. ఆ ఏడు రోజుల్లో పదిమందికి ముగ్గురో నలుగురో చలికీ ఆకలికీ పోయారు. పశువులు అంతకన్నా ఎక్కువ చచ్చాయి. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. సామూహిక యాత్రల చరిత్రంతా ఇలాగే ఉంటుంది. రాసినవాడి పేరో, రాయించుకున్నవాడి పేరో నిలుస్తుంది. మూటలు మోసినవాళ్ళు మంచులో కలిసిపోతారు.

అలాంటిది మనవైపు ఇద్దరి పేర్లు నిలవడం చిన్న విషయం కాదు.

ఉత్తర దేశమంతా తిరిగి, నలందాలో చదువుకుని, కళింగం, కోసలం మీదుగా ఆయన ఆంధ్ర దేశానికి వచ్చాడు. వేంగి రాజధాని. అంటే ఏలూరు పక్క పెదవేగి. నేల సారవంతం, ఎండ జాస్తి, జనానికి కోపం జాస్తి అని రాసుకున్నాడు. (కోపం సంగతి మా వాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు, ఒప్పుకోకపోగా కోప్పడతారు.) మాట మధ్యదేశపు మాట కాదు, రాత పద్ధతి మాత్రం చాలావరకు అదే అన్నాడు. ఈ ఒక్క ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. అప్పటికి రేనాటి చోళులు తెలుగులో శాసనం చెక్కించి అరవై ఏళ్ళు పైబడింది. రాతిమీద భాష ఉంది, సరే. కానీ దూరదేశపు మనిషి చెవికి ఆ మాటల తీరు వేరుగా వినిపించిందని తెలియడం వేరు సంగతి.

అక్కడి నుంచి దక్షిణంగా అడవుల గుండా వెయ్యి 'లీ'లు నడిచి ధాన్యకటకం చేరానన్నాడు. మైలుకు మూడు లీల పైచిలుకు అనుకున్నా, పెదవేగి నుంచి ధరణికోటకు అంత దూరం లేదు. బెజవాడకు అసలే లేదు. పెదవేగిలో బండెక్కితే బెజవాడకు రెండు గంటలు చాలు. ఇదే పండితులకు పెద్ద చిక్కు. ధాన్యకటకం అంటే అమరావతి పక్క ధరణికోటే అని కన్నింగ్‌హామ్ 1871లో అన్నాడు. కాదు, ఆయన చూసింది బెజవాడ అని ఫెర్గూసన్ అన్నాడు. రాబర్ట్ సీవెల్ 1880లో ఆ మాటకే బలం చేకూర్చాడు. వాళ్ళ వాదంలో రుచి లేకపోలేదు. చైనా యాత్రికుడు ఊరికి తూర్పున కొండను ఆనుకుని పూర్వశిల విహారం, పడమట కొండను ఆనుకుని అపరశిల విహారం ఉన్నాయన్నాడు. అమరావతి దగ్గర ఆ కొండలేవి? బెజవాడకైతే పడమట ఇంద్రకీలాద్రి, తూర్పున మొగల్రాజపురం కొండ కొలిచి పెట్టినట్టు ఉన్నాయి. బెజవాడ వాళ్ళకు అంతకన్నా కావలసిందేముంది! ఏమాటకామాటే చెప్పుకోవాలి. ధాన్యకటకం అన్న పేరు శాసనాల్లో ఉన్నది అమరావతి, ధరణికోట వైపే. పూర్వశైల శాఖ భిక్షువుల పేరు ధరణికోట స్తంభ శాసనంలోనే దొరికింది. ఇప్పుడు ఎక్కువమంది పండితులు అటే మొగ్గుతున్నారు. నా ఓటూ అటే. పక్క ఊరివాణ్ణయి ఉండీ బెజవాడకు అన్యాయం చేశానని ఎవరైనా అంటే కొండల సాక్ష్యం వాళ్ళవైపు ఉంచుకోవచ్చు.

ఆయన చూసిన ధాన్యకటకం వైభవంగా లేదు. పంటలు బాగానే ఉన్నాయి గానీ, ఖాళీ నేల ఎక్కువ, ఊళ్ళలో జనం పల్చన. ఇప్పుడు మా చుట్టుపక్కల కనిపించే కాలవలూ లాకులూ 1855లో ఆనకట్ట పూర్తయ్యాక వచ్చినవి. అప్పుడు ఏరు ఎటు తోస్తే అటు నీళ్ళు. విహారాలు చాలావరకు పాడుబడ్డాయి. మిగిలినవి ఇరవై, వాటిలో వెయ్యిమంది భిక్షువులు. దేవాలయాలు మాత్రం నూరు దాకా ఉన్నాయి. పూర్వశిల, అపరశిల విహారాల్లో వందేళ్ళుగా ఎవరూ ఉండటం లేదు. కొండ దేవతలు తోడేళ్ళుగా, కోతులుగా మారి భయపెడుతున్నాయని స్థానికులు చెప్పారు. ఊరికి దక్షిణాన కొండ చరియలో భావవివేకుడనే ఆచార్యుడు ఉన్నాడని కూడా చెప్పారు. ఆయన మంత్రించిన ఆవగింజలతో బండ కొట్టి తెరిపించి, మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా వేచి ఉండటానికి లోపలికి పోయాడట. రండి అని అందరినీ పిలిస్తే పాముల పుట్ట అని జడిసి జనం నిలబడిపోయారు. ఆరుగురే వెంట వెళ్ళారు. బండ మూసుకుంది. దక్షిణాన కొండ అంటే మనకు ఉండవల్లి గుర్తుకు రాక మానదు. అది అలా ఉంచండి.

అంత పాడుబడిన చోట ఆయన నెలల తరబడి ఎందుకున్నాడు? ఆయన శిష్యుడు హుయిలీ రాసిన జీవితచరిత్రలో జవాబు ఉంది. అక్కడ ఆయనకు ఇద్దరు భిక్షువులు తారసపడ్డారు. ఒకరు సుభూతి, ఇంకొకరు సూర్య. మహాసాంఘికుల త్రిపిటకంలో దిట్టలు. బుద్ధుడి తర్వాత సంఘం మొదటిసారి చీలినప్పుడు పుట్టిన శాఖ అది. పూర్వశైల, అపరశైల భిక్షువులు దాని కొమ్మలే. పాలీ వ్యాఖ్యానాలు వాళ్ళకు అంధకులని ఉమ్మడి పేరు పెట్టి మరీ వాదనకు దిగాయి. ఆ శాఖ మూల అభిధర్మం నేర్చుకోవడానికే హ్యూయన్‌త్సాంగ్ ఆగిపోయాడు. అప్పటికి ఆయన నలందాలో పేరు తెచ్చుకున్న పండితుడు. అయినా ఈ మారుమూల ఇద్దరి ముందు శిష్యుడిలా కూర్చున్నాడు. వాళ్ళు తక్కువ తినలేదు. ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు పాఠం చెప్పించుకున్నారు. పొద్దున గురువు సాయంత్రం శిష్యుడు. చుట్టూ విహారాలు కూలిపోతుంటే, తోడేళ్ళ కథలు ప్రచారంలో ఉంటే, అక్కడ ముగ్గురు మనుషులు కూర్చుని ఒకరి చదువు ఒకరికి అప్పజెప్పుకుంటున్నారు. అమరావతి పాలరాతి శిల్పాలన్నీ ఒక ఎత్తు, నాకీ దృశ్యం ఒక్కటీ ఒక ఎత్తు.

చదువు అయ్యాక ముగ్గురూ ఒక నిశ్చయానికి వచ్చారు. కలిసి పుణ్యక్షేత్రాలు చూద్దామని బయల్దేరారు. ఆ తర్వాత చైనా పుస్తకం ఆ ఇద్దరి ఊసు ఎత్తదు. వాళ్ళు సంస్కృత, ప్రాకృతాల్లో శాస్త్రాలు చదివిన భిక్షువులు. ఇంట్లో అమ్మతో ఏ భాషలో మాట్లాడారో రాయలేదు. మన శాసనాల్లో వాళ్ళు లేరు, మన కావ్యాల్లో లేరు, మన స్థలపురాణాల్లో అసలే లేరు. ఈ గట్టున పుట్టి ఈ గట్టున పాఠం చెప్పినవాళ్ళు ఉన్నారని చెప్పడానికి వేల మైళ్ళ అవతల, ఇక్కడికి ఎన్నడూ రాని శిష్యుడొకడు కలం పట్టాల్సి వచ్చింది. మనకు రాసిపెట్టుకునే అలవాటు తక్కువ అంటే ఊరికే నొచ్చుకుంటాం గానీ, ఈ లెక్క చూడండి.

మరి కంకిపాడు? ఆయన ఇటు రాలేదు. బందరు వైపు దారి ఆయన పట్టలేదు. నైరుతిగా చోళదేశం మీదుగా కంచికి పోయాడు. సింహళం వెళ్ళాలనుకున్నాడు గానీ అక్కడ రాజు పోయాడనీ, కరువనీ చెప్పి భిక్షువులే ఇటు పారిపోయి వచ్చారు. వాళ్ళలో డెబ్బై మందికి పైగా ఆయనతో కలిసి పడమటి దారి పట్టారు. బిడారు మళ్ళీ పెద్దదయింది. మళ్ళీ పేర్లు లేవు.

తిరుగు ప్రయాణంలో సింధునది దాటుతుంటే పడవ ఒరిగి 50 తాళపత్ర గ్రంథాలు, చైనాకు పట్టుకుపోదామనుకున్న పూలవిత్తులు నీళ్ళపాలయ్యాయి. మూడేళ్ళుంటానని గావ్‌చాంగ్ రాజుకిచ్చిన మాట నిలుపుకునే అవకాశం కూడా లేకపోయింది. 640లోనే ఆ రాజ్యాన్ని చైనా సైన్యం కలుపుకుంది, రాజు పోయాడు. మోటారు సైకిళ్ళ జట్లు ఇప్పుడు తుర్ఫాన్ దగ్గర ఆగి చూసే మట్టి గోడలు ఆ ఊరివే. 645లో ఆయన చాంగాన్ చేరాడు. దొంగతనంగా పోయిన మనిషికి ఊరంతా ఎదురొచ్చింది. ఇరవై గుర్రాల మీద 657 గ్రంథాలు దించారు. ఏ శాఖవి ఎన్నో హుయిలీ లెక్క రాసిపెట్టాడు. అందులో మహాసాంఘికులవి పదిహేను.