న్యాయమూర్తి నూతలపాటి వేంకట రమణ: పొన్నవరం నుండి సర్వోన్నత న్యాయస్థానం వరకు

భారత సర్వోన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించిన రెండవ తెలుగువారు జస్టిస్ నూతలపాటి వేంకట రమణ. మొదటివారు రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు (1966-67).

రమణగారు 1957 ఆగస్టు 27న కృష్ణా జిల్లా (నేటి ఎన్.టి.ఆర్. జిల్లా) పొన్నవరం గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. కొంతకాలం తెలుగు దినపత్రికలో విలేకరిగా పనిచేశారు. న్యాయశాస్త్ర పట్టా పొంది, 1983 ఫిబ్రవరి 10న న్యాయవాదిగా నమోదయ్యారు. సివిల్, క్రిమినల్ వ్యాజ్యాలతో పాటు కార్మిక వివాదాలనూ వాదించారు. ఆంధ్రప్రదేశ్ అదనపు అడ్వకేట్ జనరల్‌గా సేవలందించారు.

2000 జూన్ 27న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. 2013 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2014 ఫిబ్రవరి 17న సర్వోన్నత న్యాయస్థానంలో ప్రవేశించి, 2021 ఏప్రిల్ 24 నుండి 2022 ఆగస్టు 26 వరకు 48వ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్య 24 నుండి 42కు పెరిగినది ఆయన పదవీకాలంలోనే.

ఇంటర్నెట్ సేవలను నిరవధికంగా నిలిపివేయరాదని 2020 జనవరిలో ఆయన నాయకత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. 2022 మేలో రాజద్రోహ సెక్షన్ అమలును నిలుపుదల చేసింది.

అయితే షోలాపూర్ పూర్వభాగపు నేత కుటుంబాలకు మరింత చేరువైన ఘటన 2021 జూలైలో జరిగింది. రెండు దశాబ్దాల నాటి దాంపత్య వివాదంలో ఒక ఆంధ్ర మహిళ ఆంగ్లంలో చెప్పుకోలేక తడబడగా, ఆయన ఆమెను తెలుగులోనే మాట్లాడమన్నారు. ఆ మాటలను సహ న్యాయమూర్తికి తామే వివరించారు. భర్త జైలుకు వెళ్ళి ఉద్యోగం పోగొట్టుకుంటే నెలనెలా భరణం ఎలా వస్తుందని ఆమెకు తెలియజెప్పారు. దంపతులు కలిసి జీవించుటకు అంగీకరించారు.

మగ్గం వద్ద తెలుగు, జిల్లా కోర్టులో మరాఠీ, హైకోర్టులో ఆంగ్లం: ఇదీ మన పరిస్థితి. అర్థం కాని కాగితంపై వేలిముద్ర వేసి నష్టపోయినవారు మన పేటలలో లేకపోలేదు.

ప్రధాన న్యాయమూర్తి కాకమునుపు ఆయన జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థకు కార్యనిర్వాహక అధ్యక్షులు. ఆ సంస్థకు ఆధారమైన 1987 చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. కనుక బీడీలు చుట్టే తల్లులు, అక్కచెల్లెళ్ళందరికీ ఈ హక్కు ఉంది. జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థకు తెల్లకాగితంపై దరఖాస్తు ఇచ్చుకోవచ్చు.

ముంబయి ప్రయాణ భారం కూడా తగ్గింది. 2025 ఆగస్టు 18 నుండి బొంబాయి హైకోర్టు కొల్హాపూర్ సర్క్యూట్ ధర్మాసనం షోలాపూర్ జిల్లా వ్యాజ్యాలను విచారిస్తున్నది. దూరం తగ్గినా భాషాభేదం మిగిలే ఉన్నది. కావున ఏ కాగితంపైనైనా సంతకం చేయకముందు దానిని తెలుగులో చదివి వినిపించమని అడుగుట మరువరాదు.