చేవెళ్ళ వానకి బంగాళాఖాతం థర్మామీటరు

చేవెళ్ళకీ సముద్రానికీ లింకేంటి, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నాడు అనుకోకండి. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదుని ముంచిన మూసీ వరద బంగాళాఖాతం నుంచి నడిచొచ్చిన తుఫాను పుణ్యమే. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. నదికి ఎగువనున్న 788 చెరువుల్లో 221 తెగాయి (మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు లెక్కపెట్టి మరీ రాశారు). ఆయన పథకం మీదే 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అదేనండీ మన గండిపేట, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. మొయినాబాద్ ఈ రెంటి మధ్య, చేవెళ్ళ ఎగువన.

మరి ఆ రోజుల్లో సముద్రం వేడి ఎవరు చూశారు? ఓడవాళ్ళు. బకెట్టుకి తాడు కట్టి నీళ్ళు తోడి, థర్మామీటరు ముంచి లాగ్‌బుక్కులో రాసేవాళ్ళు. కాన్వాసు బకెట్టు పైకొచ్చేలోగా నీళ్ళు కాస్త చల్లారేవి. తర్వాత ఇంజను కోసం లోపలికి లాగే నీటిని కొలిచారు, అదేమో కాస్త ఎక్కువ చూపించేది. ఈ రెండూ ఒకే టేబుల్లో పడేస్తే ఏమవుతుందో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ తేడాలు సరిచెయ్యడానికి దశాబ్దాలు పట్టింది.

పోనీ ఉపగ్రహాలు వచ్చాక బాగుపడిందా అంటే, 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలింది. ఆకాశంలో పరుచుకున్న ఆ పొర వల్ల ఉపగ్రహాలు సముద్రాన్ని అసలుకన్నా చల్లగా చూపించాయి. ఆ ఏడాది ముంచుకొచ్చిన భారీ ఎల్‌నినోని శాస్త్రవేత్తలు ఆలస్యంగా గానీ గుర్తుపట్టలేదు. ఆ దెబ్బతోనే పసిఫిక్‌లో లంగరేసిన బోయల వరస మొదలై 1994కి పూర్తయింది.

మన దేశంలో ఈ కాపలా ఇన్‌కాయిస్‌ది. 1999లో పెట్టారు, అదీ సముద్రం లేని హైదరాబాదులో! చేపలెక్కడ దొరుకుతాయో జాలర్లకి చెప్పడానికీ ఈ ఉష్ణోగ్రత మ్యాపులే ఆధారం. ఇప్పుడు మెరైన్ హీట్‌వేవ్‌ల మీద కూడా కన్నేసి ఉంచుతోంది. 2016లో శాస్త్రవేత్తలు ఇచ్చిన నిర్వచనం సింపుల్: ఆ చోట, ఆ తేదీకి, దాదాపు ముప్పయ్యేళ్ళ రికార్డులో 90వ పర్సెంటైల్ దాటిన వేడి కనీసం 5 రోజులు వరసగా ఉండాలి. చిక్కంతా బేస్‌లైన్‌తోనే. సముద్రం వేడెక్కుతూనే ఉంది కాబట్టి పాత ముప్పయ్యేళ్ళు పట్టుకుంటే అలారం మోగుతూనే ఉంటుంది, కొత్తవి తీసుకుంటే నిన్నటి విపరీతం రేపటికి మామూలైపోతుంది. నా ఓటు పాతదానికే. మోత భరించలేక థ్రెషోల్డ్ పెంచేసే మేనేజర్లని చూస్తూనే ఉన్నాం కదా.

సముద్రం వేడెక్కితే ఆవిరి పెరుగుతుంది, ఆ ఆవిరే తుఫానుకి మేత. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం ఆ రాత్రికి హైదరాబాదుని ముంచింది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. ఆ జంట చెరువుల పరీవాహకంలో 84 గ్రామాలని కాపాడాలని 1996లో వచ్చిన 111 జీవో ఆంక్షలని, ఆ వరద తర్వాత రెండేళ్ళు తిరక్కుండానే, 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఎత్తేశారు. నాకిది మింగుడుపడలేదు. మొయినాబాద్‌లో ప్లాటు చూడ్డానికెళ్ళే మిత్రులు ఓఆర్ఆర్ ఎంత దూరమో అడుగుతున్నారు. పక్కనున్న వాగు ఏ చెరువులో కలుస్తుందో కూడా ఆ ఊరి రైతుని అడగండి, చెప్తాడు.